రెండు పక్కలూ వచ్చేదాకా

మా ఆయన చప్పుడు కాకుండా కొట్టేవాడు. మద్రాసు తొండియార్‌పేటలో మాది గోడకు గోడ అంటుకున్న ఇళ్ల వరుస. పక్కింట్లో పోపు వేస్తే మాకు తుమ్ములొస్తాయి. అందుకని తడి తువ్వాలు మెలిపెట్టి వీపు మీద కొట్టేవాడు. జుట్టు పట్టుకుని ముఖాన్ని పరుపుకేసి అదిమేవాడు, నేను అరిచినా బయటికి వినిపించకుండా. హార్బర్‌లో లారీ ఎక్కాడంటే మాత్రం అందరికీ మంచివాడు. టీ కొట్టు దగ్గర నలుగురినీ నవ్విస్తాడు. మర్యాదకు ఇంతవరకు మా ఆయన అన్నాను. ఇక్కణ్ణుంచి వాడు అనే రాస్తాను.

మా మేనమామ పేటలో తెలుగువాళ్లకు పెద్దమనిషి. ఎవరింట్లో గొడవైనా ఆయన వాకిట్లోనే కుర్చీలు వేస్తారు. నేనూ వెళ్లి చేతుల మీది వాతలు చూపించాను. మామ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చూస్తిని మ్మా. కడుపు రగిలిపోతా ఉండాది. అయినా రెండు పక్కలా వినాల. సుమ్మా, ఊరికే ఒక పక్క విని మాట్లాడితే రేపు వాళ్లు మనల్ని అడగరా? వాణ్ణి ఈడికి రమ్మను."

వాడు రాలేదు. ఒక ఆదివారం లారీ లోడు అన్నాడు. ఇంకో ఆదివారం జ్వరం అన్నాడు. ఒకసారి వీధి చివరిదాకా వచ్చి, టీ తాగి, వెనక్కి తిరిగిపోయాడు. వేసిన కుర్చీలు మడిచేవాళ్లు. నేను ఇంటికి పోయేదాన్ని. నా మీద పంచాయితీ పెట్టిస్తావా అని ఆ రాత్రి రెండింతలు కొట్టేవాడు. రెండో పక్క కోసం పెద్దలు ఓపిగ్గా ఆగుతుంటే, ఆ ఓపిక ఖర్చు నా వీపు మీద పడేది.

నా ఉద్యోగం కోడంబాక్కంలో, షూటింగులకు లైట్లు అద్దెకిచ్చే ఆఫీసులో. కంప్యూటర్ పనే కానీ కోడింగ్ రాదు, అక్కర్లేదు కూడా. తెర మీద డబ్బాలు పెట్టి వాటిని గీతలతో కలపడమే. ఒక గీత మీద ఆర్డరు వస్తుంది. ఇంకో గీత మీద ఫలానా లైట్లు ఉన్నాయని గోడౌన్ జవాబు వస్తుంది. మెర్జ్ అనే డబ్బాలో ఆ రెండూ కలిసి, ఒకే మెసేజ్ అయి డ్రైవరుకు వెళ్తాయి. ఒకటి ముందొస్తే, రెండోది వచ్చేదాకా ఆ డబ్బా ఆగుతుంది.

ఒకరోజు గోడౌన్‌లో ఎవరూ జవాబివ్వలేదు. ఆర్డరు ఆ డబ్బాలోనే కూర్చుంది. అక్కడ ఒక షూటింగు మొత్తం చీకట్లో నిలబడిపోయింది. మా మేనేజరు స్టీలు ఫ్లాస్కు ఎత్తి నా తల పక్కన గోడకేసి కొట్టాడు. గోడ పెచ్చు లేచి నా చెంపకు తగిలింది. ఇంట్లో వాడు, ఇక్కడ వీడు. నా చుట్టూ ఉన్న మగవాళ్లకు చేతులు ఎందుకు మొలిచాయో అనిపించింది.

చెంప తుడుచుకుని తెర వైపు చూశాను. డబ్బా తప్పేం లేదు. రెండూ వచ్చేదాకా ఆగమన్నారు, ఆగింది. ఒక పక్క వచ్చి నిలబడి ఉంది, రెండో పక్క రాదు, ఏదీ ముందుకు కదలదు. అచ్చం మా మామ వాకిలే. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది.

దాన్ని సరిచేయడం కష్టం కాదు. పక్కనే వెయిట్ అనే డబ్బా పెట్టి గడువు ఇస్తే చాలు. గడువులోగా రెండోది వస్తే రెండూ కలిసి అప్పటికప్పుడే వెళ్తాయి. రాకపోతే ఉన్నదాంతోనే ముందుకు వెళ్తుంది. ఆ తర్వాత మా వల్ల ఏ షూటింగూ ఆగలేదు. కానీ ఆ సాయంత్రం రైల్లో నాకు ఒళ్లు మండిపోయింది. లైట్లకున్న గడువు నాకు లేదా?

అందుకని ఆఫీసు కంప్యూటర్లోనే అలాంటి డబ్బాలూ గీతలూ నాకోసం ఒక వరుస కట్టుకున్నాను. దానికి ఒక కొత్త నంబరు తీసుకున్నాను. ఒక గీత మీద నా పక్క: దెబ్బల ఫోటోలు, నా గొంతుతో చెప్పిన మాటలు. రెండో గీత మీద వాడి జవాబు. గడువు సాయంత్రం ఆరు. అవి వెళ్లేది మామకు, పక్క వీధిలో ఉండే మా అన్నకు, మహిళా పోలీస్ స్టేషన్లో ఒక మేడమ్ ఇచ్చిన నంబరుకు. ఒక ఆదివారం మధ్యాహ్నం వాడు హార్బర్‌లో ఉండగా మొదలుపెట్టాను. కొత్త నంబరు నుంచి వాడికి మెసేజ్ పోయింది: 'నీ పక్క ఏమిటో దీనికే చెప్పు. ఆరింటిలోగా చెప్పకపోతే నాది ఒక్కటే పెద్దలకు వెళ్తుంది.' వాడు జవాబివ్వడని నాకు తెలుసు. ఎన్నడిచ్చాడు గనక? ఆరయ్యేలోపు బట్టలు సర్దుకుని అన్న ఇంటికి పోవాలనుకున్నాను.

బ్యాగు జిప్పు ఇంకా వేయలేదు, వాడు తలుపు తోసుకుని వచ్చి లోపల గడియ పెట్టాడు.

"ఏందే, నాకే గడువు పెడతావా? ఎవుతివే నువ్వు?"

ఈసారి చప్పుడు గురించి మరిచిపోయాడు. కుక్కరు తీసి విసిరితే నా భుజానికి తగిలి చెయ్యి చచ్చుబడిపోయింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. లోపల ఏదో విరిగినట్టయింది, ఊపిరి అందలేదు. జుట్టు పట్టుకుని లేపి ఫోను నా ముఖం మీద పెట్టాడు.

"నిలిపెయ్ దాన్ని. ఇప్పుడే నిలిపెయ్!"

ఆపొచ్చు. ఒక్క వేలు పెడితే ఆగిపోతుంది. నేను వేలు పెట్టలేదు, వాడి మణికట్టు కొరికాను. నోట్లోకి రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

వాడు కేకపెట్టి, ఫోను నేలకేసి కొట్టి, రుబ్బురోలు పొత్రం తెచ్చి దాన్ని నుగ్గు చేశాడు.

"పోయింది పో, నీ గడువు!"

"అది ఫోన్లో లేదు," అన్నాను.

వాడికి ముందు అర్థం కాలేదు. ఆఫీసు కంప్యూటరూ ఇంటర్నెట్టూ గుర్తొచ్చినట్టున్నాయి, ముఖం మారిపోయింది. రెండు చేతులతో నా గొంతు పట్టుకున్నాడు. వాడి భుజం మీదుగా గడియారం కనిపించింది. ఇంకా నాలుగున్నరే. ఆరు దాకా బతకాలి అనుకున్నాను. ఆరు చాలా దూరంలో ఉంది. కళ్ల ముందు నలుపు కమ్ముకొచ్చింది.

అప్పుడు తలుపు మీద దెబ్బ పడింది. ఇంకోటి పడింది. గడియ ఊడి మా అన్న తలుపుతో సహా లోపల పడ్డాడు. లేస్తూనే వాణ్ణి నా మీంచి లాగి గోడకేసి కొట్టాడు. వాడి ముక్కు పగిలిన చప్పుడు విన్నాను. నాకు జాలి కలగలేదు. నాలుగున్నరకే అన్న ఎలా వచ్చాడో మాత్రం అర్థం కాలేదు.

గడపలో మామ నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో ఫోను, ఫోన్లోంచి వాడి గొంతు. లారీ హారన్ల మధ్య, హార్బర్ నుంచి పంపిన జవాబు:

"నా పక్క కావాల్నా మీకు? అవును, కొడతా ఉండా. రోజూ కొడతా. ఇప్పుడే ఇంటికొస్తా ఉండా, దాని గొంతు పిసికి పారేస్తా. ఎవుడొస్తాడో రమ్మను!"

వాడు మొదటిసారి తన పక్క చెప్పాడు. అది రాగానే డబ్బా రెండింటినీ కలిపి పంపేసింది. ఆరు దాకా ఆగలేదు.

పోలీసు మేడమ్ బండి వీధి మలుపు తిరుగుతున్న చప్పుడు వినిపించింది. మామ వంగి నా తల ఒళ్లోకి తీసుకున్నాడు.

"రెండు పక్కలా వింటిమి మ్మా," అన్నాడు.

వాడు నోరు మూసుకుని వచ్చి ఉంటే ఆరింటికి నా పక్క ఒక్కటే వెళ్లేది. అప్పటికి నేనుండేదాన్ని కాదు. గొంతు మంటగా ఉన్నా ఆ మాట లోపల దాచుకోదలచుకోలేదు.

"ఇంక ఏ ఆడబిడ్డన్నా నీ వాకిట్లోకొస్తే," అన్నాను, "ఒక్క పక్కే వచ్చినా లేచి ఆ పిల్ల ఇంటికి పో మామా."