చెన్నరాయప్ప చేతి నల్లదారం

మద్దమ్మ ముక్కు సంగతి మా ఊరు అత్తిముగంలో అందరికీ తెలుసు. మొగుడు హోసూరులో సీసా మూత తీస్తే ఈమెకు ఇక్కడ తుమ్ము వచ్చేది. ఆ మొగుడే చెన్నరాయప్ప. గులాబీలు పెంచే గ్రీన్‌హౌస్‌లో పని. పగలంతా పూలు కోసి కట్టలు కట్టేవాడు, సాయంత్రం తాగి ఎరువు కలిపే తొట్టిలో పడేవాడు. ఒకసారి బయటికి లాగేసరికి ఒంటి మీద మొగ్గలు తొడిగాయన్నారు. నేను చూడలేదు గానీ, ఒకటో రెండో ఉండే ఉంటాయి.

దాంతో మద్దమ్మ అతన్ని తన పుట్టిల్లు కెలవరపల్లికి లాక్కెళ్లి, మునేశ్వరుడి గుడిలో ప్రమాణం చేయించింది. పూజారి కుడిచేతికి నల్లదారం కట్టాడు. అది చేతికి ఉన్నంతకాలం చుక్క ముట్టకూడదు. దారం పోయిన రోజు తాను పుట్టింటికి పోతానని, మళ్లీ రానని ఆమె దేవుడి ముందే చెప్పింది. ఆనాటి నుంచి చెన్నరాయప్ప స్నానం చేసేటప్పుడు కూడా ఆ చెయ్యి పైకెత్తే ఉంచేవాడు.

అలాంటి మనిషి, శుక్రవారం సెలవొచ్చి మూడు రోజులు కలిసొచ్చేసరికి, సెల్వంతో పాండిచ్చేరి పోతానన్నాడు. సెల్వం హోసూరు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే సీసాలో తాగినవాళ్లు. మా వైపు మగవాళ్లు పాండిచ్చేరికి పోయేది చవక మందుకేనని ఉయ్యాల్లో పిల్లనడిగినా చెబుతుంది. ఈయన మాత్రం సముద్రం చూడటానికట. పైగా సంచిలో ఖాళీ ప్లాస్టిక్ డబ్బా పెట్టుకున్నాడు. ఇంటికి దిష్టి తీయడానికి సముద్రపు నీళ్లు తెస్తాడట. ఖాళీ డబ్బాతో పాండిచ్చేరి పోయినవాడు నీళ్లు తెచ్చాడంటే ఎవరు నమ్ముతారు? మద్దమ్మ తలూపింది గానీ, బస్సు కదిలేదాకా అతని చేతి మీద నుంచి చూపు తిప్పలేదు.

శనివారం సెల్వం ఫోన్‌లో స్టేటస్ పెట్టాడు. అతని నంబరు నా దగ్గర ఎందుకుందని అడక్కండి, అందరి నంబర్లూ ఉన్నాయి. నడుము లోతు అలల్లో చెన్నరాయప్ప, చేతులు రెండూ పైకెత్తి నవ్వుతున్నాడు. ఫొటోను వేళ్లతో సాగదీశాను. కుడిచెయ్యి ఫోనంతా నిండింది. దారం లేదు. ఇలాంటివి దాచుకుంటే కడుపుబ్బుతుంది కాబట్టి, పొయ్యి మీది అన్నం వదిలేసి మద్దమ్మ ఇంటికి పరిగెత్తాను.

ఆమె ఫొటో చూసింది. లోపలికి పోయి చీరలు సంచిలో కుక్కింది.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బస్సు దిగేసరికి, ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. వీధిలో సగం మంది పని లేకపోయినా బయటికొచ్చారు. ముందు మొగుణ్ని వాసన చూసింది. ఆ ముక్కు ఏమీ పట్టలేదు. డబ్బా మూత తీసి ఒక చుక్క నాలుకకు రాసుకుంది. ఉప్పు. అయినా మొహం విప్పారలేదు.

"దారం యాడబోయింది?"

చెన్నరాయప్ప వెనక్కి చూశాడు. సెల్వం ముందుకొచ్చి చెయ్యి చాపాడు. ఆ నల్లదారం అతని మణికట్టుకుంది.

"అన్న తప్పేం లేదు వదినా. నేనే ఆడ బ్రాందీ షాపు ముందర నిలబడుకున్న్యాను. అన్న రమ్మని లాగినాడు, నేను రాలేదు. ఇంక తన చేతిది ఇప్పి నాకు కట్టేసినాడు. కట్టినాక కాళ్లు లోపలికి పోలేదు."

"నీకు కట్టినాడు, సరే," అంది మద్దమ్మ. "ఈయప్పకి ఎవురు కట్టినారు?"

తనకు దారం లేకపోయినా పరవాలేదని, తాగకుండా ఉండటం అలవాటైపోయిందని చెన్నరాయప్ప గొణిగాడు. దేవుడు కట్టించిన దారాన్ని మనిషి మార్చి కట్టొచ్చా అని వీధిలో వాదన లేచింది. కూడదని అందరికన్నా గట్టిగా అన్నది నేనే.

మద్దమ్మ సంచి భుజాన వేసుకుని లేచింది. అయిపోయింది, పుట్టింటికే అనుకున్నాం. ఆమె మొగుడి కుడిచెయ్యి పట్టుకుంది.

"నడువు కెలవరపల్లికి. పూజారి ఇంగొకటి కట్టేదాకా ఈ చెయ్యి ఇడిసేది లేదు."

పోయే ముందు రెండో చేత్తో సముద్రపు నీళ్ల డబ్బా అందుకుంది. తన గడప మీద దిష్టికి రెండు చుక్కలు చిలకరించింది. మిగిలిందంతా ఎదురుగా ఉన్న మా గడప మీద పోసింది.

బస్సెక్కేదాకా చూస్తూనే ఉన్నాను. పెళ్లినాడు కూడా ఆ చెయ్యి అంత గట్టిగా పట్టుకుని ఉండదు.