మూత తీసే ముందు కట్టె

నా చిన్నప్పుడు పక్కింటి సారు తీరుతోని నాకు తెలిసొచ్చిన ఒక సంగతి రాస్తున్న. నాకు రాసుడు చదువుడు ఆలస్యంగ వచ్చినయి, నలభై దాటినంక. అందుకే మెరుపుల మాటలు నాకు రావు, ఉన్నది ఉన్నట్టు చెప్త. చెప్పేదాంట్ల నా గొప్ప ఏం లేదు. సిగ్గే ఎక్కువ.

మాది కరీంనగర్‌ల మగ్గాలోళ్ల గల్లీ. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలు. బాపు మగ్గం నేసేది, నన్ను కన్న అవ్వ నూలుకు గంజి పెట్టేది, నేను రాట్నం ముందట కూసొని కండెలు చుట్టేది. నన్ను బడికి పంపలే. పంపితే కండెలు ఎవరు చుట్టాలె? మగ్గంల అటు ఇటు ఉరికే నాడెల నూలు తెగితే చాలు, ఇంట్ల అందరు నా దిక్కు చూసేటోళ్లు. సావుకారి ఇచ్చిన నూలే పుచ్చుది కావచ్చు, గంజే తక్కువై ఉండొచ్చు. అవన్నీ ఎవరికి కావాలె? చిన్నదాని మీద పెడితే పనై పోతది. సావుకారి వచ్చి బాపుతోని ఉర్దూల మాట్లాడేటప్పుడు నాకు ఒక్క ముక్క సమజ్ అయ్యేది కాదు. నడుమ నా పేరు వినబడ్డదంటే మాత్రం, ఇయ్యాల తిట్లు ఉన్నయని తెలుసుకునేదాన్ని. నా పేరు మంచికి ఎవరు తీస్తరు?

పక్కింట్ల సారు కరెంటాఫీసుల కొలువు చేసేది. కోస్తా దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిండు. ఆయన “వచ్చాడండీ, వెళ్ళాడండీ” అంటుంటే గల్లీ పిలగాండ్లు ఎనుక నుంచి వెక్కిరించేటోళ్లు, అండ్ల నేను ముందట ఉండేదాన్ని. ఇంటి మీద రెండు వెదురుబొంగులు పాతి, వాటి నడుమ తీగె కట్టిండు. బట్టలారేసే తీగె గంత మీద కట్టిండ్రేంది, నిచ్చెనేసుకొని ఆరేస్తరా అని మా అవ్వ నవ్వింది. అది బట్టల తీగె కాదు. సారుకు రేడియోల మాట్లాడే సోకు. సర్కారు లైసెన్సు గూడ ఉండె. అది కొలువు గాదు, సంపాదన గాదు. ఆదివారం పొద్దుగాల దూరం ఊర్లల్ల ఉన్న తనలాంటోళ్లతోని గాలిల మాట్లాడుకునేది, అంతే.

ఆయన చిన్న సెట్టు గొంతు దూరం పోయేది కాదు. అందుకని ఆ గొంతును పెంచే పెద్ద డబ్బా ఒకటి సొంతంగ కట్టుకునుడు మొదలుపెట్టిండు. యాంప్లిఫయర్ అనేది ఆయన. నేను పెద్దడబ్బా అనేది. సికింద్రాబాద్‌ల మిలిటరీ పాత సామాను అమ్మేకాడ కొన్న గాజు వాల్వులు రెండు, ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, రాగితీగె చుట్టలు. సగం కట్టుడు, ఒక పూట నడుపుడు, ఏదో ఒకటి కాలుడు, మళ్ల విప్పుడు. కొలువు నుంచి వచ్చినంక ఇదే పని.

సారు భార్యను నేను అక్కా అని పిలిచేది. ఆమెకు పిల్లలు లేరు. నా కండెల గంప తీసుకొని నేను వాళ్ల గడప కాడ కూసుంటే, పలక ఇచ్చి అక్షరాలు పెట్టించేది. అక్షరమాల అయిపోయి గుణింతాలకు వచ్చినం. ఒక దిక్కు సారు డబ్బా విప్పుతుండె, ఒక దిక్కు నేను క, కా, కి దిద్దుతుంటి. ఆ గడప తప్పితే నాకు వేరే బడి లేదు. అది నాకు తెలుసు. అందుకే బాపు ఊళ్లె ఉన్నప్పుడు కండెలు ముందే చుట్టేసి, ఎవరికీ అనుమానం రాకుండ పోయేదాన్ని.

ఆ డబ్బాల కండెన్సర్లని నల్లటి రేకుడబ్బాలు ఉండె. కుండల నీళ్లు ఆగినట్టు వాటిల కరెంటు ఆగుతదని సారు చెప్పిండు. స్విచ్చి ఆపినా, ప్లగ్గు పీకినా అది లోపలనే ఉంటదట. దాన్ని మెల్లగ ఒంపేసేటందుకు పక్కన ఒక రెసిస్టెన్సు పెట్టిండు. దాన్ని గూడ నమ్మొద్దని ఇంకో పద్ధతి పెట్టుకున్నడు. ఎండిన కట్టె ఒకటి, దాని కొసకు ఇత్తడి కొక్కెం, ఆ కొక్కెం నుంచి ఒక తీగె భూమిలకు. మూత తీయంగనే ముందు ఆ కొక్కెం కండెన్సర్ తలకు ఆనియ్యాలె. అటెనుకనే చెయ్యి. ఆ కట్టె పట్టుకొచ్చి చేతికిచ్చుడు నా పని. ఆయన ఆనిచ్చేటప్పుడు నేను “సచ్చిందా సారూ?” అని అరిచేది. “చచ్చిందమ్మాయ్” అని ఆయన అనేది. ఎప్పుడూ ఏం కాకపోయేది. చప్పుడు లేదు, మంట లేదు. సచ్చిన పామును సారు రోజూ కొడుతడని గల్లీల చెప్పి నవ్వేదాన్ని.

ఒక శనివారం. బాపు నూలు తేను సిరిసిల్ల పోయిండు. ఆ దినం పెద్దడబ్బా సారును మస్తు పరేషాన్ చేసింది. మీద ఉన్న గడియారంలాంటి దాంట్ల ముల్లు కిందికి దిగాలెనట, దిగుతలేదు. వాల్వు లోపటి రేకు పొయ్యిల ఇనుము తీరుగ ఎర్రగైతుంది. ఆయన టక్కున ఆపి, ప్లగ్గు పీకి, మూత తీసిండు. తీసుట్ల ఒక చిన్న నట్టు జారి ట్రాన్స్‌ఫార్మర్ ఎనుక పడ్డది. ఆయన చెయ్యి లావు, అండ్ల పట్టదు. నాది కండెలు చుట్టి చుట్టి సన్నగ పుల్లలెక్క ఉండె.

“అమ్మాయ్, నీ చెయ్యి దూరుతుంది, తియ్యి. చీకటి పడుతోంది” అన్నడు.

నేను కట్టె కోసం పోయిన. నాకేదో తెలుసని కాదు. నా పని నాకియ్యకుండ ఆయన దాటేసిండని కోపం. “ప్లగ్గు తీసేశాను కదమ్మా” అని ఆయన విసుక్కుంటనే ఉన్నడు, నేను ఆయనను వెక్కిరించుకుంట “సచ్చిందా సారూ?” అని కొక్కెం ఆనిచ్చిన.

ఫట్టుమన్నది. తుపాకి పేలినట్టు. నీలం మంట లేచి కొక్కెం కొస కరిగి నల్లబడ్డది. నాకు నవ్వొచ్చింది. దీపావళి అనుకున్న. సారు దిక్కు చూస్తే ఆయన నేల మీద కూలబడి ఉన్నడు. లేచి, కట్టెతోని ఇంకోసారి, ఇంకోసారి ఆనిచ్చి, ఆ రెసిస్టెన్సును మీటరు పెట్టి చూసిండు. అది ఎప్పుడు కాలిందో కాలి, ఒంపుడు బందు చేసింది. నా చెయ్యి తన చేతిల పట్టుకొని “ఇంటికెళ్ళమ్మా. మీ నాన్నగారు వచ్చాక నేను మాట్లాడాలి” అన్నడు.

నాన్నతోని మాట్లాడాలంటే నాకు ఒకటే అర్థం ఉండె. అవ్వకు ఏం చెప్పలే.

తెల్లారి ఆదివారం. మెల్లగ పోయి గడప కాడ నిలబడ్డ. పెద్దడబ్బాకు మూతేసి ఉన్నది. సారు చిన్న సెట్టుతోనే మాట్లాడుతుండు, ఇంగ్లీషుల. ఎన్నడు లేనిది, ఆగి ఆగి మాట్లాడుతుండు. ఆ ఇంగ్లీషు నడుమ నా పేరు వినబడ్డది. జరసేపటికి మళ్లొకసారి. కొక్కెం కాల్చింది, డబ్బా ఖరాబు చేసింది అని దేశమంతటికీ చెప్తుండని అనుకున్న. ఉరుక్కుంట ఇంటికొచ్చిన. అప్పుడే బాపు నూలు మూట దించుతుండు.

“బాపూ, సారు నా మీద చాడీలు చెప్తుండే! రేడియోల చెప్తుండు!”

బాపు సావుకారి ముందట ఎన్నడు నోరెత్తలే. ఆ మింగిన మాటలన్నీ ఆ పొద్దు సారు వాకిట్ల కక్కిండు. గల్లీ అంత జమైంది.

“ఏం సారూ, మేం చదువు రానోళ్లమని నా బిడ్డ ఇజ్జత్ ఊరూరికి పంచుతున్నవా? నీ సామాను ఖరాబైతే నన్నడుగు. పొల్ల పేరు ఎందుకు తీస్తున్నవ్?”

సారు బనీను మీదనే బయటికొచ్చిండు. ఆ నిమిషం ఆయన చేతులనే ఉండె. అల్లరి చేసింది లెండి, పోనీయండి అంటే అయిపోయేది. బాపు నాకు రెండు తగిలించేది, గల్లీ ఇండ్లకు పోయేది. పేలిన సంగతి బాపుకు తెల్వదు. నేను చెప్పలే. చెప్పాలన్నా, చెయ్యి పెడితే నా పానమే పోయేదని నాకే తెల్వదు.

ఆయన చేతులు కట్టుకొని అన్నడు, “మీ అమ్మాయి ఏమీ చెయ్యలేదండీ. నేనే చేశాను. నిన్న నా నిర్లక్ష్యానికి మీ అమ్మాయి చచ్చిపోవలసింది. చెయ్యి పెట్టమని నేనే చెప్పాను. తను కట్టె పెట్టింది కాబట్టి బతికింది. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకి అదే చెబుతున్నాను.”

బాపు నా చెయ్యి పట్టుకొని తిరగేసి మరగేసి చూసిండు, వేళ్లన్నీ ఉన్నయా అన్నట్టు. అట్లనే పట్టుకొని ఇంటికి తీసుకొచ్చిండు. కొట్టలే. మగ్గం గుంతల దిగి కూసున్నడు. నాడె ఇసిరే ముందు ఒక్క మాటన్నడు.

“ఇగ ఆడికి పోకు బిడ్డా.”

నా చదువు ఆడ ఆగింది. గుణింతాల నడుమల.

కొన్ని దినాలకు అక్క గోడ మీదికెల్లి నన్ను పిలిచి, ఆ పొద్దు సారు ఇంగ్లీషుల ఏమన్నడో తెలుగుల చెప్పింది. నేను పెట్టుకున్న నియమం నేనే మరిచాను, పక్కింటి పిల్ల మరవలేదు, మీరందరు ఇప్పుడే లేచి మీ డబ్బాలల్ల రెసిస్టెన్సు చూసుకోండి అన్నడట. మళ్ల ఆదివారం నాటికి ఆ మాట ఒకరి సెట్టు నుంచి ఇంకొకరి సెట్టుకు పోయి, ఎక్కడో సముద్రం ఒడ్డు ఊర్ల ఉన్న ఒక ముసలాయన తనది గూడ కాలి ఉన్నదని చెప్పి, ఆ పిల్లకు దండం పెట్టిన అని చెప్పుమన్నడట. అక్క సంబురంగ చెప్తుంది. నాకు గోడలకు దూరిపోదామన్నంత సిగ్గు. నా పేరును మొదటిసారి ఒకాయన మంచికి తీసిండు. అది నాకు తిట్టు లెక్క వినబడ్డది. వినబడి, ఆయనను గల్లీ నడుమ నిలబెట్టిన.

ఏడాదికో ఏమో వాళ్లకు బదిలీ అయింది. సామాను బండికి ఎక్కించినంక సారు మా వాకిట్లకు వచ్చి పోయొస్తమని చెప్పిండు. బాపు మగ్గం దిగి ఎదురువోయి, చెయ్యి పట్టుకొని, చెప్పులు గూడ లేకుండ బండి దాక నడిచిండు. నేను నూలు మూటల ఎనుక కూసున్న. అక్క నా పేరు పెట్టి పిలిచింది, వినబడ్డది. లేవలే.

అప్పటి సిగ్గు ఇప్పటికీ పోలే. పోవాలని గూడ నాకు లేదు, దాంతోనే నాకు పని ఉన్నది. పెద్దగైనంక చేనేతోళ్ల సంఘంల నూలుకు గంజి, రంగు పెట్టే పనికి పెద్దను అయిన. ఒకసారి రంగు కాగు దగ్గర నేను చెప్పిన లెక్క తప్పి నూలంత ఖరాబైంది. సంఘపోళ్లు రాంగనే అందరి కండ్లు కాగు కింద మంట పెట్టే పొల్ల మీదికి పోయినయి. ఆమె అప్పటికే తల దించుకొని నిలబడ్డది, తిట్లకు తయారుగ. నేను ముందుకొచ్చి, అది నేను చేసిందని చెప్పిన. అటెనుక శానాసార్లు చెప్పవలసి వచ్చింది. రాత్రిబడిల పలక మళ్ల పట్టినంక, చిన్నప్పటి చదువు ఎందుకాగిందని అడిగినప్పుడు, నా కొడుకు కోడలి మధ్య నా నోరు దూరినప్పుడు.

అలవాటైతదని అనుకుంటరు. కాదు. నేనే చేసిన అనే ముందు ప్రతిసారి ఒళ్లంత జల్లుమంటది. నల్లబడ్డ కొక్కెం కొస కండ్ల ముందటికొస్తది. ఆ మాట ఫట్టుమని బయటికి పోతది. పోయినంకనే, చెడిందాన్ని బాగుచేసేటందుకు లోపట చెయ్యి పెట్టొచ్చు.