మేయర్ గారు రాసిన స్టే

మా సీనియర్ మేయర్ అయిన రోజు నాచారంలోని మా ఆఫీసులో మూడు దండలు మిగిలిపోయాయి. పారేయడానికి మనసొప్పక వాటిని చట్టాల పుస్తకాల బీరువాకు వేశాం. ఆయన లోపలికి వస్తూనే చూసి, "బీరువాకు దండేసిన్రేంది, సచ్చిపోయిందనుకుంటరు" అని పెద్దగా నవ్వారు. ఆ తర్వాత ఐదేళ్లూ ఆయన ఆ బీరువా తెరవలేదు కాబట్టి మేం చేసింది మరీ తప్పేం కాదు.

నేను ఆయన దగ్గర జూనియర్‌ని. కోటు నలుపు తగ్గి బూడిద రంగులోకి వచ్చినా జూనియర్‌నే. ఆయన సొంతూరు ఉప్పల్ దాటాక వచ్చే ఒక చిన్న నగరం, పేరు చెప్పను. ఆయన పుట్టినప్పుడు అది పల్లె, పెళ్లినాటికి మున్సిపాలిటీ, బట్టతల వచ్చేసరికి కార్పొరేషన్. బోర్డులు మారాయి గానీ మెయిన్ రోడ్డు మీద గుంతలు మాత్రం పాతకాపుల్లా ఎక్కడివక్కడే ఉన్నాయి. పొలాలు ప్లాట్లయిన చోట ఒకే ప్లాటుకు ఇద్దరు ఓనర్లుంటారు, ఇద్దరికీ కాగితాలుంటాయి. మా ఆఫీసు పొయ్యి దాని మీదే వెలిగేది. బోడుప్పల్ నుంచీ నాగోల్ నుంచీ జనం ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు, ఎందుకంటే స్టే తేవడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఒక చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, ఆ గోడ నుంచి ఈ గోడకు నడుస్తూ పిటిషన్ చెప్పేవారు. నేను రాసుకునేవాణ్ని.

మేయర్ కుర్చీలో కూర్చున్నా ఆయనలోని వకీలు దిగిపోలేదు. మురుగు మోరీ నిండిందని ఎవరైనా అర్జీ తెస్తే, కోర్టు ఆఫీసులో గుమాస్తాలు చేసినట్టు దానికి అభ్యంతరాలు రాసి వెనక్కిచ్చేవారు. ఇంటి నంబరు లేదు, సంతకం కింద తేదీ లేదు, మోరీ ఏ దిక్కు పారుతుందో చెప్పలేదు, సరిచేసి మళ్లీ తెండి. సరిచేసి తెచ్చేలోపు మోరీ ఇంట్లోకొచ్చేది. కౌన్సిల్ మీటింగులో ప్రతిపక్షం కార్పొరేటర్ లేచి గట్టిగా అడిగితే, "మిత్రుడు మంచి పాయింట్ లేవదీసిండు, దీని మీద వివరంగ వినాలె" అని వచ్చే మీటింగుకు వాయిదా వేసేవారు. అడిగినవాడు తనకేదో గౌరవం దక్కిందనుకుని కూర్చునేవాడు.

ఇక్కడొక గోడ గురించి చెప్పాలి. ఆయన మేయర్ కావడానికి రెండేళ్ల ముందు ఒక ప్లాటు ఓనరు వాన నీళ్లు పారే కాలువకు అడ్డంగా ప్రహరీ కట్టుకున్నాడు. కార్పొరేషన్ వాళ్లు దాన్ని కూలగొట్టి పెద్ద పైపులు వేస్తామన్నారు. మా సీనియర్ ఒక్క పూటలో స్టే తెచ్చారు. ఆ పిటిషన్ అంటే ఆయనకు కన్నకొడుకుతో సమానం. కొత్త జూనియర్లొస్తే కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. తర్వాత ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఇంటింటికీ పంచిన కాగితంలో మొదటి హామీ ఏమిటంటే, ఆ కాలువ పూర్తి చేయించడం. గెలిచాక తన మీద తనే కేసు నడపడం బాగుండదు కదా, వకాల్తా నా పేరుకు మార్పించి, "ఇగ నువ్వు సూస్కో" అన్నారు. చూసుకున్నాను.

ఆ గోడకు దిగువన గల్లీలో మా వదిన పిండి గిర్ని నడిపేది. మా అన్న పోయాక ఆమెకున్న ఆధారం అదొక్కటే. ఆడవాళ్లు డబ్బాల్లో బియ్యం, జొన్నలు, గోధుమలు తెచ్చి వరుసలో పెట్టేవాళ్లు. మిరపకాయలు తెచ్చినవాళ్లకు మాత్రం సాయంత్రం రమ్మని చెప్పేది, లేకుంటే తర్వాతి వాళ్ల రొట్టెలు మండుతాయని. ఆమె ఎప్పుడూ తలనిండా పిండితోనే ఉండేది. వానాకాలం వస్తే పైనుంచి వచ్చే నీళ్లు గోడ దగ్గర ఆగి, పక్కకు తిరిగి, ఆ గల్లీలోకి దిగి, నేరుగా గిర్నిలోకి పోయేవి. మోటారు రెండుసార్లు కాలిపోయింది, రెండుసార్లు వైండింగ్ చేయించింది. మూడోసారి కాలితే ఇక పనికిరాదని మెకానిక్ చెప్పేశాడు.

"మీ సారు మేయరాయె, నువ్వేమో ఆయన దగ్గర వకీలువాయె. గా స్టే కొట్టేయించరాదు? నాకేం ఫికర్ లేదిగ" అంది ఒకరోజు, నా కూతురి కోసం రాగి పిండి కడుతూ.

"సూస్తున్నం వదినా" అన్నాను. ఆ స్టేను కాపాడుతున్నది నేనేనని చెప్పలేదు.

వేసవి సెలవులకు ముందు ఆయన ఛాంబర్‌కు వెళ్లి అడిగాను. స్టే ఎత్తేయమని కార్పొరేషన్ వేసిన పిటిషన్ అప్పటికి ఏడాదిగా మూలుగుతోంది. "సార్, ఈసారి మనం టైం అడగకుంట వాదన జరగనిద్దాం. వానలొస్తే మా వదిన గిర్ని పోతది" అన్నాను.

ఆయన ముందు నొచ్చుకున్నారు. "గా స్టే అంత ఆసాన్‌గ పోతదనుకుంటున్నవా? నేన్ రాసిన." తర్వాత లేచి తలుపు మూసి వచ్చి, మెల్లగా చెప్పారు. "స్టే ఉన్నంతసేపు నన్నెవ్వడు అడగడు. పోయిందనుకో, కాలువ తవ్వాలె. తవ్వితే ఇంకో పది గోడలు పోతయ్. గా పదిమంది మనోళ్లే. టైం తీస్కో."

నాకొచ్చే కేసుల్లో ముప్పాతిక ఆయన పంపేవే. ఈ ఒక్క మాట కాదంటే రేపటి నుంచి నా బల్ల ముందు ఎవరూ కూర్చోరు. భయపడ్డాను. దీనికి ఇంకో అందమైన పేరు పెట్టాలని ఇన్నేళ్లలో చాలాసార్లు చూశాను గానీ కుదరలేదు.

సెలవులు అయిపోయి కోర్టు తెరిచాక ఆ కేసు వచ్చిన రోజు, చివరి బెంచీలో మా వదిన కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుని, గల్లీలో ఇంకో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మేయర్ గారి మనిషిని కాబట్టి నేను కాలువ తరఫున వాదిస్తానని వాళ్లకు చెప్పింది. నన్ను చూసి వాళ్లకు చేత్తో చూపించింది.

మా కోర్టులో ఒక మర్యాద ఉంది. ఒక వకీలు టైం అడిగితే ఇంకో వకీలు వద్దనడు. రేపు తనకూ అదే అవసరం పడుతుంది. ఈ మర్యాదకు ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు, కానీ అన్ని సెక్షన్లకంటే ఇదే గట్టిగా అమలవుతుంది. కేసు పిలవగానే నేను లేచి, జవాబుగా కౌంటర్ వేయడానికి సమయం కావాలన్నాను. కార్పొరేషన్ వకీలు సగం లేచి, అభ్యంతరం లేదన్నారు. జడ్జి గారు స్టే పొడిగిస్తూ, ఆగస్టులో ఒక తేదీ వేశారు. మా వదిన చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నంతసేపు కూడా పట్టలేదు.

వరండాలో ఒకామె సంతోషంగా అడిగింది. "ఇద్దరు వకీళ్లు ఒకటే మాట జెప్పిన్రు. గెలిచినమా అన్నా?"

అప్పుడే గోడ ఓనరు వచ్చి నాకు రెండు చేతులెత్తి దండం పెట్టి, "మస్తు జెప్పిన్రు సార్" అని వెళ్లిపోయాడు. మా వదిన అతను మెట్లు దిగేదాకా చూసింది.

"జడ్జి ఆగస్టుకేసిండు వదినా" అన్నాను.

"జడ్జి సంగతి కాదు. నువ్వేమన్నవ్?"

నేను ఫైలు సర్దుకున్నాను. వాళ్లు ఐదుగురూ ఒకే ఆటోలో ఇరుక్కుని వెళ్లారు.

ఆ జూన్ నెలలోనే ఒక మధ్యాహ్నం రెండు గంటలు కుండపోతగా కురిసింది. మోటారు మూడోసారి మునిగింది. మర్నాడు మేయర్ గారు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఫొటోలు తీసేవాళ్లతో గల్లీకి వచ్చారు. వెనకాల గొడుగు పట్టుకున్నది నేనే. వాన లేదు, అయినా ఫొటోకు గొడుగు ఉండాలన్నారు. గిర్ని ముందు ఆగి, "ఏం జేస్తమమ్మా, కోర్టు స్టే అడ్డమున్నది. గా పిటిషన్ రాసినోడెవడో గాని గట్టిగ రాసిండు" అన్నారు. ఆ చివరి మాటలో గర్వం దాచుకోలేకపోయారు. మా వదిన చీపురుతో నీళ్లు బయటికి తోస్తూనే ఉంది. ఆ నీళ్లు ఆయన బూట్ల మీద పడ్డాయి, నా చెప్పుల మీదా పడ్డాయి.

ఆయన పదవీకాలం ముగిసింది. ఆఫీసు బోర్డు మీద పేరు కింద 'మాజీ మేయర్' అని చేరింది, క్లయింట్లు రెట్టింపయ్యారు. స్టే ఇంకా ఉంది. మా వదిన మోటారును పాత ఇనుము వాళ్లకు ఇచ్చేసి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఇప్పుడు షిఫ్టు అయ్యాక మా ఆఫీసు కింద నుంచే నడిచిపోతుంది. ఆ వేళకు నేను కిటికీ వైపు కుర్చీ తిప్పను.

మొన్నొక ఆదివారం ధైర్యం చేసి వాళ్లింటికి వెళ్లాను. "వదినా, కార్పొరేషన్ మీద నష్టపరిహారం కేసేస్త. ఫీజు గీజు ఏం వద్దు, నేనే వాదిస్త" అన్నాను. చాయ్ ఇచ్చింది. నేను తాగడం అయ్యాక అడిగింది.

"అవతల దిక్కు ఎవరు నిలబడ్తరు?"

"కార్పొరేషన్ వకీలు."

"గాయన టైం గావాలంటడు."

"అంటడు" అన్నాను.

"నువ్వు వద్దనవు" అంది, కోపం లేకుండానే, ఖాళీ కప్పు నా చేతిలోంచి తీసుకుంటూ.