నిమ్మకాయలు పెట్టని మొదటి లోడు

నాచారంలో ఇనుప పైపులు ఎక్కించుకున్న ట్రైలర్‌ను వరంగల్ దాకా మొదటిసారి నేను నడపాల్సిన రోజది. స్టీరింగ్ నాకు అప్పగించాలో, నన్ను మళ్లీ చిన్న బండికే పంపాలో తేల్చేది మా ఉస్తాద్. నాకు పని నేర్పిన పెద్ద డ్రైవరాయన.

కొత్తవాడు బండెక్కితే టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించడం ఆయన అలవాటు. నేను చర్చి సంఘంలో, దేవుని వాక్యంలో పెరిగినవాణ్ని. ఆ పని నావల్ల కాదన్నాను. కోప్పడతాడనుకున్నాను.

"గట్లనా తమ్మీ? అయితే నీ దేవునికే మొక్కు. జర జల్ది కానియ్యి, మీ ప్రార్థనలు మస్తు పొడుగుంటయ్" అని నవ్వి, నిమ్మకాయలు జేబులో వేసుకున్నాడు. నేను తలవంచి, కళ్లు మూసుకుని ప్రార్థించినంతసేపూ కింద నిలబడి, వెనక బండివాళ్లను హారన్ కొట్టనివ్వలేదు.

"ఆమెన్ అన్నవా? ఇగ దిగి గొలుసులు సూడు."

"ఇందాకనే బిగించిన కదన్నా!"

"బండి కదిలితే పైపులు సర్దుకుంటయ్. గొలుసు వదులైతది. జర దూరం పోయినంక మళ్లా సూడాలె."

గొలుసులన్నీ చూసి బయలుదేరాను. ఉప్పల్ దాటాక, ఆయన చెప్పకముందే బండి పక్కకు ఆపి దిగాను. ఒక గొలుసు నిజంగానే వదులైంది. బిగించి వచ్చేసరికి ఉస్తాద్ వెనక సీట్లో పడుకుని, ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు.

"జనగామ వచ్చినంక లేపు."

ఘట్‌కేసర్ రాకముందే గురక మొదలైంది. ఆ గురక వినిపించినందుకు దేవునికి స్తోత్రం చెల్లించాను, ఈసారి కళ్లు తెరిచే.