అమ్మ ఎంచుకున్న గది

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండిన ఎండాకాలంలో, మా నాయనకు పటాన్‌చెరులో ఇనుప గొట్టాలు చేసే కంపెనీలో ఉద్యోగం పర్మినెంటు అయింది. అప్పటిదాకా ఆయన వారానికి ఒకసారి జోగిపేట పక్కనున్న మా ఊరికి వచ్చిపోయేవాడు. ఇక అందరం అక్కడికే పోదామనుకున్నారు. ఉండటానికి మూడు చోట్లు కుదిరేలా ఉన్నాయి. మూడూ చూశాకే ఏదో ఒకటి చెప్తానని అమ్మ పట్టుబట్టింది. అమ్మ దేనికీ పట్టుబట్టే మనిషి కాదు. అందుకే నాకది బాగా గుర్తు.

అమ్మకు అప్పటికే ఆయాసం ఉండేది. కొంచెం దూరం నడిచి ఆగి, నడుము మీద చెయ్యి వేసుకుని, దూరంగా దేన్నో చూస్తున్నట్టు నిలబడేది. అంతకుముందు చలికాలంలో నాయన ఆమెను రెండుసార్లు పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. గుండెలో ఏదో బాగాలేదని, మందులు వాడితే తగ్గుతుందని నాకు చెప్పారు. నేను నమ్మాను.

మొదట చూసింది కంపెనీ క్వార్టరు. రెండు గదులు, వంటిల్లు, లోపలే నల్లా, లోపలే స్నానాల గది. నల్లా తిప్పితే ఇంట్లోనే నీళ్లు రావడం నేను ఎన్నడూ చూడలేదు. తిప్పడం, కట్టేయడం, మళ్లీ తిప్పడం, అదే పనిగా ఆడుకున్నాను. నాయన ముఖం వెలిగిపోయింది. “నీళ్లు మోసుడు లేదు. నీకు ఆరామ్ ఉంటది” అన్నాడు అమ్మతో. అమ్మ బాగుందనే చెప్పింది. తర్వాత నన్ను పక్క క్వార్టరుకు తీసుకుపోయి, ఆ ఇంటామెతో, “జెర మా పోరిని సూస్కోండ్రి. మందుల దుకాణం దాక పోయొస్తం” అని చెప్పి, నన్ను అక్కడ విడిచి నాయనతో వెళ్లిపోయింది. ఆ ఇంటామె మర్యాదస్తురాలు. వరండాలో కుర్చీ వేసి, గ్లాసుతో నీళ్లిచ్చి, లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. వాళ్లు తిరిగొచ్చేదాకా నేను ఆ కుర్చీ దిగలేదు.

రెండోది హత్నూరలో మా దూరపు చుట్టాలది. ఖాళీగా ఉన్న పెంకుటిల్లు, పెద్ద పెరడు, జామచెట్టు. కిరాయి లేకుండా ఊరికే ఉండమన్నారు. నాయన మాత్రం డ్యూటీకి రెండు బస్సులు మారాలి. అక్కడా అమ్మ ఏదో పని చెప్పి నన్ను పక్కింటి ముసలామె దగ్గర విడిచిపోయింది. ఆమె నాకు బెల్లం ముక్క పెట్టింది, తల నిమిరింది, ఎవరి బిడ్డవని మూడుసార్లు అడిగింది. పాపం చూపు సరిగా ఆనదు. అడుగుతూ అడుగుతూనే గోడకు ఒరిగి కునుకు తీసింది.

మూడోది పటాన్‌చెరు బస్తీలో ఒక రేకుల గది. ఒకే వాకిలి చుట్టూ వరసగా ఆరు గదులు, ఆరు కుటుంబాలు. వాకిలి మధ్యలో చేతిబోరింగు. అందరికీ కలిపి రెండే పాయఖానాలు. గాలి మళ్లినప్పుడు కంపెనీల వాసన గొంతులో పట్టేది. ఒక గదిలో బీహారు వాళ్లు ఆవనూనెతో ఏదో వేయిస్తున్నారు, ఇంకో గదిలో ఎవరో గట్టిగా కొట్లాడుకుంటున్నారు. నాకు అస్సలు నచ్చలేదు.

అమ్మ అక్కడ కూడా నన్ను పక్కగదిలో ఉండే ఒకామె దగ్గర విడిచింది. ఆమె చాటలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను కిందా మీదా చూసి, “గిట్లనేనా జెడేసుకునేది?” అని నా జడ విప్పేసింది. ఇంత నూనె పెట్టి, చిక్కు తీస్తూ జుట్టు గుంజింది. నేను కదిలితే నెత్తి మీద ఒక్కటేసింది. బోరింగు దగ్గరికి ఈడ్చుకుపోయి ముఖం కడిగింది. తన ఇద్దరు పిల్లల పక్కన కూర్చోబెట్టి అన్నం, పచ్చిపులుసు పెట్టింది. నాకొద్దంటే, “తినకుంటే ఈడికెల్లి లేవనియ్య” అంది. నేను ఏడుస్తూ తిన్నాను.

బస్సుకు నడుస్తున్నప్పుడు అమ్మకు అన్నీ చెప్పుకున్నాను. ఆమె నన్ను కొట్టిందని, జుట్టు గుంజిందని, వద్దన్నా అన్నం పెట్టిందని. అమ్మ నడుస్తున్నదల్లా ఆగింది. ఇంకా ఏం చేసిందని అడిగింది. నేను ఇంకొంచెం కలిపి చెప్పాను. అమ్మ నాయన వైపు తిరిగి, “ఇదే తీస్కుందాం” అంది.

“దిమాక్ గిట్ల ఖరాబైందా నీకు? బోరింగు కొట్టి నీళ్లు మోస్తవా? డాక్టరు ఏం జెప్పిండు?”

“డాక్టరు జెప్పింది నేను గూడ ఇన్న” అంది అమ్మ.

బస్సులో నాయన మా ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

నా కోపం మాత్రం ఆ రోజుతో పోలేదు. నల్లా ఉన్న ఇంటిని కాదని, నన్ను కొట్టినామె పక్కకు తెచ్చి పడేసిందని అమ్మ మీద కక్ష పెంచుకున్నాను. పక్కగది ఆమెను పెద్దమ్మా అని పిలువు అంటే పిలవలేదు. అమ్మ ఏదడిగినా సగం సగం జవాబు చెప్పేదాన్ని. ఆ గదిలో మేము అమ్మతో ఉన్నది పది నెలలు. మళ్లీ ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున, నేను బడికి పోయాక, అమ్మ చాయ్ తాగుతూ గోడకు ఒరిగిందట. మళ్లీ లేవలేదు. బడికి వచ్చి నన్ను తీసుకుపోయింది ఆ పక్కగది ఆమే. దారంతా నా చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది.

దినాలు అయిపోయాయి. చుట్టాలు వెళ్లిపోయారు, నాయన డ్యూటీలో చేరాడు. ఒక పొద్దున ఆమె నాకు జడ వేస్తుంటే, లోపల కుళ్లుతున్న మాట అనేశాను. “మేం క్వార్టర్ల ఉంటే అమ్మ బతికేది. ఈడ నీళ్లు మోసి మోసి సచ్చిపోయింది.”

ఆమె చెయ్యి ఆగింది. “ఒక్క బిందెన్న మోసిందా మీ అమ్మ? యాది జేసుకో” అంది.

ఆలోచించాను. రోజూ నేను లేచేసరికి మా గడప పక్కన రెండు బిందెలు నిండుగా ఉండేవి. అవి ఎవరు నింపుతున్నారో నేను ఎన్నడూ అడగలేదు.

“మీరు సామాన్ దించిన దినమే మీ అమ్మ నాకు జెప్పింది” అందామె, మళ్లీ జడ అల్లుతూ. “డాక్టరు ఏడాది కన్న ఎక్కువ చెప్పలేదంట. ‘మూడు ఇండ్లు సూసిన అక్కా, మూడు తావుల పోరిని ఇడిసిపెట్టి సూసిన. నువ్వొక్కదానివే దాన్ని కోపం చేసినవ్. నేను పోయినంక దాన్ని నువ్వే సూస్కో’ అన్నది. నాకు ఏం సమజ్ గాలే. గాలే గని, సరే అన్న.”

నేను అప్పుడు ఏడవలేదు. అమ్మ ఆ మూడు ఇళ్లలోనూ తాను ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ వండుకోవాలి అని చూసుకోలేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తాను లేనప్పుడు ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో చూసుకుంది. నాయనకు అది ఆ రోజు రోడ్డు మీదనే తెలిసింది. అందుకే బస్సులో ఒక్క మాట కూడా ఆడలేకపోయాడు.

పెద్దమ్మ నన్ను పెంచింది. నాయన నైట్ షిఫ్టులకు పోతే ఆమె గదిలోనే పడుకునేదాన్ని. పెద్దమనిషినైనప్పుడు, పదో తరగతి తప్పినప్పుడు, మళ్లీ రాసి పాసైనప్పుడు, నా పెళ్లప్పుడు, అన్నిటికీ ఆమే ఉంది. తిట్టకుండా ఒక్క రోజూ ఉండలేదు. ఆమె పోయి ఇప్పటికి ఏడేళ్లు.

ఇప్పుడు మా ఇండ్లలో పిల్లలు ఉద్యోగాల కోసం తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లు చూస్తున్నారు. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఎన్ని, కారు ఎక్కడ పెట్టాలి అని నన్ను కూడా తీసుకుపోయి చూపిస్తారు. నేను ముందు పక్క ఫ్లాటు బెల్లు కొడతాను. పిల్లలకు నామోషీ. తలుపు తీసినవాళ్లతో రెండు మాటలు మాట్లాడి వస్తాను. ఆ ఇల్లు తీసుకోండని గానీ, వద్దని గానీ చెప్పను. నేను చూసింది చెప్తాను, అంతే.

అమ్మ నేర్పినది అంతవరకు పనికొచ్చింది. మిగిలినది ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆ పది నెలల్లో ఒక సాయంత్రం, రేకులు చల్లబడే వేళ, అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, “జెర వచ్చి నా పక్కన కూసో బిడ్డా” అంది. నేను గడప మీద, ఆమెకు వీపు పెట్టి, పుస్తకం తెరుచుకుని ఉన్నాను. విననట్టు పేజీ తిప్పాను. ఆమె కాసేపు చూసి, ఇంకోసారి పిలిచింది. మా మధ్య నాలుగడుగుల దూరం ఉంది. నేను లేవలేదు.