కొత్తపేట మేడమీద కూసిన పెట్ట

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకంలో ఏం జరిగినా దానికి కారణం నా దగ్గర ఉంటుందని గట్టిగా నమ్మేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెప్పేదాన్ని. తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో మేడమీద గది కిరాయికి తీసుకున్నాను (మా ఊళ్లో 'అద్దె' అంటారన్నది అప్పటికే మర్చిపోయాను). కింద నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఓనర్లు. ఓనరాంటీ మేడమీద కోళ్లు పెంచేది. వాటిలో ఒక ముసలి పెట్టంటే నాకు మహా ఇష్టం. నేను పాఠం తయారుచేసుకుంటుంటే వచ్చి నా పక్కనే ముడుచుకుని కూర్చునేది.

ఆ పెట్ట గుడ్లు మానేసి చాన్నాళ్లయింది. మెల్లగా నెత్తిమీద తురాయి పెరిగింది, తోకలో పొడుగాటి ఈకలు వచ్చాయి. ఒక ఆదివారం పొద్దున పిట్టగోడెక్కి శుభ్రంగా కొక్కొరోకో అంది. నేను పళ్లు తోముకుంటూ బయటికి వచ్చేసరికి ఓనరంకుల్ కత్తితో పైకి వచ్చేశాడు.

"పెట్ట కూస్తె ఇంటికి మంచిది కాదు. ఇయ్యాల కూరొండుకుందాం" అన్నాడు.

"అపశకునం కాదంకుల్, హార్మోన్లు" అన్నాను, నోట్లో నురుగుతోనే.

"గాళ్లెవరు?" అన్నాడాయన.

పెట్టకు పనిచేసే అండాశయం ఎడమవైపు ఒక్కటేననీ, అది చెడితే ఆడ హార్మోన్ తగ్గిపోయి మగ హార్మోన్‌ది పైచేయి అవుతుందనీ, అప్పుడే ఇలా తురాయీ కూతా వస్తాయనీ చెప్పాను. ఆయన వింటూనే పెట్టను చంకలో పెట్టుకున్నాడు. ఈలోగా ఆంటీ వచ్చింది.

"ఆంటీ, మీరు పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు కదా, అదీ హార్మోనే. మీకు తగ్గితే డాక్టరు ఇచ్చాడు. దీనికి ఇచ్చేవాళ్లు లేరు."

ఆంటీ పెట్ట తురాయిని వేలితో తాకి చూసింది. "అంటే బిడ్డా, నెల ఆగిపోయినంక మా అసుంటోళ్లకైతది సూడు, గట్లనా?"

"దాదాపు అంతే" అన్నాను. (మా ప్రొఫెసర్ వినుంటే ఆ 'దాదాపు'కి మార్కులు కోసేవారు.)

ఆంటీ అంకుల్ వైపు తిరిగింది. "నాకు గూడ గదవకింద వెంట్రుకలొచ్చినయ్. గొంతు గూడ లేస్తుందని నువ్వే అంటున్నవ్. నన్ను గూడ కోస్తవా?"

అంకుల్ కత్తిని చూశాడు, ఆంటీని చూశాడు. పెట్టను మెల్లగా కింద దింపాడు. "ఇంట్ల వంకాయలున్నయా?" అని అడిగి మెట్లు దిగిపోయాడు.

మర్నాడు క్లాసులో ఇదంతా చెబుతూ, ఆవేశంలో నేనే గట్టిగా కూసేశాను. పిల్లలు నవ్వక తలుపు వైపు చూస్తున్నారేమిటా అని తిరిగితే, అక్కడ డైరెక్టరుగారు, అడ్మిషన్ కోసం వచ్చిన ఒక తల్లి. "మా పాపను గీ మేడమ్ క్లాసులనే ఎయ్యుండ్రి" అందావిడ.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో అదే పాఠం తెరమీద రంగుల బొమ్మలతో చెబుతున్నాను. పిల్లలు కూయమని అడుగుతారు, కూస్తాను కూడా. కాకపోతే ముందు ఒకసారి తలుపు దగ్గరెవరైనా ఉన్నారేమో చూసుకుంటాను. ఆ రోజుల్లో నాకా ఆలోచనే వచ్చేది కాదు.