ఆలస్యంగా చేరిన ఓడలు

అమెరికాలో, షాంటిలీలో నా ఐటీ ఉద్యోగం పోయిన ఏడాది, మా పక్కవీధి డాక్టరుగారికి పుస్తకం చదివిపెట్టడం మొదలుపెట్టాను. ఆయన గుండె జబ్బుల వైద్యులు, రిటైరయ్యారు. భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. చూపు మందగించి అక్షరాలు ఆనక, వారానికి రెండు రోజులు పొద్దునపూట నన్ను రమ్మన్నారు.

ఆయనకు కావలసింది ఒకటే పుస్తకం. రెండు వేల నాలుగు వందల ఏళ్ల కిందట ఒక గ్రీకు చరిత్రకారుడు తన కాలపు యుద్ధం గురించి రాసింది. నేను ఇంగ్లీషులో చదివేదాన్ని, నాకు అంతుపట్టనిచోట ఆయన తెలుగులో విడమరిచేవారు. అతని ఊరు ఏథెన్స్‌కి మహమ్మారి వచ్చినప్పుడు ఆ చరిత్రకారుడికీ సోకిందట. బతికి బయటపడి, మళ్లీ వస్తే జనం గుర్తుపట్టాలని ఒక్కో లక్షణమూ రాసిపెట్టాడు.

"ఏ మందూ పనిచెయ్యలేదని రాసేశాడు చూశావా అమ్మా! మా డాక్టర్లు ఒప్పుకుంటారా అలాగ?" అని నవ్వారు.

చలికాలంలో ఒక పొద్దున ఆ చరిత్రకారుడి సొంత కథ వచ్చింది. అప్పుడతను సేనాని. ఒక నగరానికి ముప్పు వచ్చిందని కబురందగానే ఏడు ఓడలతో బయల్దేరాడు. సాయంత్రం చేరేసరికే నగరం లొంగిపోయింది. పక్కనున్న రేవును మాత్రం కాపాడుకోగలిగాడు. ఆలస్యంగా చేరినందుకు వెలివేస్తే, ఇరవై ఏళ్లు సొంత ఊరికి దూరమై బతికాడు. అయినా ఎక్కడా సాకు చెప్పుకోలేదు. ఎవరో పరాయివాడి సంగతిలా నాలుగు ముక్కల్లో రాసి ఊరుకున్నాడు.

"మళ్లీ చదువమ్మా," అన్నారు. చదివాను.

"ఇంకొక్కసారి."

మూడోసారీ చదివాను. తర్వాత నెమ్మదిగా అన్నారు: "స్ట్రోక్ వచ్చిన రోజు మా ఆవిడ ఫోన్ చేసింది. చెయ్యి తిమ్మిరెక్కిందండీ అంది. అదేంటో నాకు తెలీదా? క్లినిక్ నిండా పేషెంట్లు. పడుకో, వచ్చేస్తున్నా అన్నాను. అంబులెన్స్‌కి కాల్ చెయ్యమని కూడా అనలేదు. ఇంటికి వెళ్లేసరికి మూడు గంటలు గడిచిపోయాయి, అప్పటికే ఆవిడ పోయింది. మా అమ్మాయికి ట్రాఫిక్ అని చెప్పాను. తను నమ్మలేదు. అప్పట్నుంచీ మాటల్లేవు."

కూతురు జెర్సీ సిటీలో ఉంటుంది. అప్పటికప్పుడు నాచేత ఆమెకు ఇంగ్లీషులో ఈమెయిల్ టైప్ చేయించారు. "ఆ రోజు ట్రాఫిక్ లేదు. అమ్మ ఫోన్ చేసింది. నేను వెంటనే రాలేదు."

"క్షమించమని కూడా రాయనా?" అని అడిగాను.

"వద్దమ్మా. అది నేను అడిగేది కాదు."

జవాబు రాలేదు. నేను వెళ్లినప్పుడల్లా ముందు మెయిల్ చూడమనేవారు. లేదని చెబితే, సరే చదువు అనేవారు. పుస్తకం సగం కూడా కాకముందే, మార్చిలో నిద్రలోనే పోయారు.

అంత్యక్రియలకు కూతురు వచ్చింది. వంటింట్లో నా పక్కన నిలబడి, వచ్చీరాని తెలుగులో అడిగింది.

"ఆంటీ, ఆ మెయిల్ నేను ఎవ్రీడే చదివాను. రిప్లై రాయడం రాలేదు నాకు. డాడీ వెయిట్ చేశారా?"

"చేశారమ్మా," అన్నాను.

ఆమె ఫోన్ తీసి, ఆ మెయిల్ తెరిచి మళ్లీ చదువుకుంది. లేదని ఒక్క అబద్ధం ఆడి ఉండాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.